గయ్యాళి వంతు

రోలర్ల మధ్య బక్కామె చెయ్యి పడ్డప్పుడు ఆమె కేక ముందు ఎవరికీ వినపడలేదు. ఆ లాండ్రీలో ఆవిరి చప్పుడు అలాంటిది. ఆసుపత్రుల దుప్పట్లు, హోటళ్ల దుప్పట్లు తడిగా ఒకవైపు పెడితే, కాలే రోలర్ల కింద నలిగి రెండోవైపు ఇస్త్రీ అయి వచ్చేవి. చేతులు లోపలికి పోకుండా అడ్డంగా ఒక ఇనుపకడ్డీ ఉండేది. అది ఉంటే పని నత్తనడక నడుస్తోందని సూపర్‌వైజరు ఊడదీయించాడు. ఆ రోజు దుప్పటితో పాటు బక్కామె వేళ్లూ లోపలికి పోయాయి.

పక్క రోలరు దగ్గరే పెద్దక్క ఉంది. లాండ్రీలో అందరికంటే పాత మనిషి. మిషను ఆపే స్విచ్చి ఆమెకు కళ్లు మూసుకున్నా దొరుకుతుంది. ఆమె చెయ్యి చాచేలోపల, దుప్పట్లు మడతపెట్టే బల్ల దగ్గర నుంచి కొత్తామె పరుగెత్తుకొచ్చి స్విచ్చి నొక్కేసింది.

మేనేజరు మెట్లు దిగి వచ్చాడు. "దానికేం కాలేదుగా?" అన్నాడు.

"చెయ్యి కాలిపోయిందండీ," అంది పెద్దక్క.

"నేనడిగేది మిషను సంగతి."

కొత్తామె అతనికి అడ్డంగా వచ్చి నిలబడింది. "మనిషినీ 'అది' అని, మిషన్నీ 'అది' అంటే మాకెట్లా తెలుస్తుంది సార్? ముందు ఆమెని ఆసుపత్రికి పంపండి. కడ్డీ బిగించేదాకా మేమీ మిషను ముట్టుకోం."

చుట్టూ ఉన్న ఆడవాళ్లందరూ తలలూపారు. పెద్దక్క గుండెలో ఏదో చురుక్కుమంది. ఇన్నేళ్లూ తాను మాట్లాడితే ఊగిన తలలు అవి.

బక్కామెను ఆసుపత్రికి పంపారు. కడ్డీ మాత్రం బిగించలేదు. పని మానితే రేపటి నుంచి రావద్దన్నాడు మేనేజరు. తిట్టుకుంటూనే అందరూ మళ్లీ రోలర్ల దగ్గరికి చేరారు.

ఇంటికొచ్చినా పెద్దక్కకు ఊరట లేదు. ఆమె భర్త అదే లాండ్రీలో బాయిలరు దగ్గర పని చేస్తాడు. కాళ్లు కడుక్కుంటూ, "ఆడదైనా భలే నిలదీసిందే ఆ కొత్తమ్మాయి," అన్నాడు.

"అంత ముచ్చటగా ఉంటే పోయి దాని ఇంట్లోనే కాళ్లు కడుక్కోవయ్యా," అంది పెద్దక్క.

మర్నాడు కుళాయి దగ్గర సూపర్‌వైజరు కొత్తామె గురించి ఆరా తీశాడు. పెద్దక్క నోటి వెంట ఆ మాట జారిపోయింది. "అదొట్టి గయ్యాళి సార్. దాని నోటికి అడ్డూ ఆపూ లేదు."

బాయిలరు దగ్గర మేనేజరును ఎదిరించిన మగవాణ్ణి ఆ లాండ్రీలో నోరున్నవాడు అనేవాళ్లు. యూనియన్ కమిటీలోకి తీసుకునేవాళ్లు. నోరున్న ఆడదానికి మాత్రం ఈ ఒక్క మాటే దొరికింది. సూపర్‌వైజరు దాన్ని చేతికర్రలా పట్టుకు తిరిగాడు. మంచినీళ్లకు వెళ్తానన్న మనిషి గయ్యాళి. కట్టు కట్టిన చేత్తో వచ్చి తేలికపని ఇవ్వమన్న బక్కామె గయ్యాళి. "పెద్దక్కను చూసి బుద్ధి తెచ్చుకోండి. మంచిదంటే ఆమె," అనేవాడు అందరి ముందూ.

తిట్టు మరీ ఎక్కువగా వాడితే దాని పదును పోతుంది. మడతల బల్ల దగ్గర ఆడవాళ్లు ఒకరినొకరు ఆ మాటతోనే పిలుచుకోవడం మొదలుపెట్టారు. కడ్డీ సంగతి అడగడానికి రోజుకొకరు మేనేజరు గదికి వెళ్లాలని కొత్తామె అంది. ఆ పనికి వాళ్లే పేరు పెట్టుకున్నారు. "ఇవాళ గయ్యాళి వంతు ఎవరిదే?" అని పొద్దున్నే నవ్వుతూ ఒకరినొకరు అడిగేవాళ్లు. వెళ్లి తిట్లు తిని వచ్చిన మనిషికి మధ్యాహ్నం భోజనాల దగ్గర నడుమ చోటిచ్చేవాళ్లు.

పెద్దక్క తన డబ్బా పట్టుకుని గోడ పక్కన కూర్చునేది. ఆ నడుమ చోటు వైపు చూడకూడదనుకుంటూనే చూసేది. చివరికి ఉండబట్టలేక అడిగింది. "నా వంతెప్పుడే?"

"నీకెందుకక్కా ఈ పాట్లు? నువ్వు మంచిదానివిగా," అంది మడతలావిడ ఒకతె.

పక్కున నవ్వారు. పెద్దక్కకు తల కొట్టేసినట్టయింది. తాను పుట్టించిన తిట్టు ఊళ్లో వాళ్లందరికీ దక్కింది, తనకే దక్కలేదు.

వంతులన్నీ అయిపోయినా కడ్డీ రాలేదు. ఒక ఉదయం ఆడవాళ్లు రోలర్లు ఆపి గేటు ముందు కూర్చున్నారు. పోలీసులు వచ్చారు. సూపర్‌వైజరు వేలు చూపించాడు. కొత్తామె చీర చెంగు బిగించుకుని తనంత తానే వ్యాను ఎక్కింది. ఆడవాళ్లు వ్యాను వెంట పరుగెత్తారు. పెద్దక్క పరుగెత్తలేదు. 'స్టేషనుకి కూడా ఇదే ముందు పోయింది,' అనుకుంది.

మధ్యాహ్నం యూనియన్ వాళ్లు బాయిలరు ముందు మీటింగు పెట్టారు. యూనియన్ కార్యదర్శిని అందరూ పెద్దమనిషి అంటారు. ఆయన కుర్చీలో నుంచి లేచి, "ఆడవాళ్ల తగువుని సమ్మెదాకా లాగొద్దు. మీరు పనిలోకి వెళ్లండి. మేం నలుగురు పెద్దమనుషులం పోయి మాట్లాడతాం," అన్నాడు.

గోడ పక్క నుంచి పెద్దక్క లేచింది. పోరాటాల్లోకి అందరూ కడిగిన ముత్యాల్లా రారు. ఆమెను లేపింది బక్కామె కాలిన చెయ్యి ఎంతో, కొత్తామె మీద మంట కూడా అంతే.

"నేనూ పెద్దమనిషినే. చిన్నప్పుడే అయ్యాను," అంది. "ఆ రోజు నుంచీ గడప దాటొద్దన్నారు. మీరు పెద్దమనుషులైతే కుర్చీ వేశారు. మాట ఒకటేగా, నాకు కుర్చీ ఏది?"

ఆడవాళ్లు గొల్లుమన్నారు. కార్యదర్శి మొహం ఎర్రబడింది. "మీటింగులో ఇవేం మాటలమ్మా?"

"ఇది మాటల తగువే కదా. నోరుందని నిన్ను కమిటీలోకి తీసుకున్నారు. నోరుందని ఆమెను వ్యానెక్కించారు."

మడతలావిడ ఊరుకోలేదు. "గయ్యాళి అన్న మాట సూపర్‌వైజరు చెవిలో వేసింది నువ్వు కాదా అక్కా?"

నవ్వులు ఆగిపోయాయి.

"నేనే. ఒళ్లు మండి అన్నాను. ఇప్పటికీ మండుతూనే ఉంది," అంది పెద్దక్క. "అది నన్ను చూసి నేర్చుకోవాల్సిన మనిషి. దాన్ని చూసి నేను నేర్చుకోవాల్సి వచ్చింది. అయినా కడ్డీ లేని రోలరుకి దాని చెయ్యీ ఒకటే, నా చెయ్యీ ఒకటే. రేపు ఈ బాయిలరు పగిలితే మగవాళ్లని వదిలిపెడుతుందా?"

భర్త వైపు తిరిగింది. "ఏమయ్యా, ఆవిరి నువ్వాపుతావా, నన్ను ఆపమంటావా?"

అతను కార్యదర్శి మొహం చూశాడు. భార్య మొహం చూశాడు. వెళ్లి ఆవిరి ఆపే చక్రం తిప్పాడు. ఆవిరి చప్పుడు సన్నగిల్లి ఆగిపోయింది. లాండ్రీ అంతా ఒక్కసారిగా మనుషుల మాటలు వినపడ్డాయి. డ్రైవర్లు బయటికి నడిచి, దుప్పట్ల బళ్లను గేటుకు అడ్డంగా నిలబెట్టారు.

పోలీసులు మళ్లీ వచ్చేసరికి పెద్దక్క ముందు వరసలో ఉంది. సూపర్‌వైజరు ఇన్‌స్పెక్టరు దగ్గరికి పరుగెత్తాడు. "ఈమెని వదిలెయ్యండి సార్. ఈమె మంచిది."

"ఎవరయ్యా మంచిది?" అంటూ పెద్దక్క వ్యాను మెట్టు మీద కాలు పెట్టింది.

స్టేషను గదిలో కొత్తామె గోడకు ఆనుకుని కూర్చుని ఉంది. ఊచల తలుపు తెరుచుకోగానే లేవబోయింది. "నువ్వా అక్కా?"

"జరుగు," అంది పెద్దక్క.

ఆమె జరిగింది. పెద్దక్క ఆమె పక్కన కూర్చుంది.

"గేటు దగ్గర ఎంతమంది ఉన్నారక్కా?"

"నువ్వొచ్చినప్పటి కంటే ఎక్కువ."

కొత్తామె నవ్వాపుకోలేకపోయింది. అప్పుడే వీధి మలుపు దగ్గర నినాదాలు వినపడ్డాయి. ఆడగొంతులు ముందు, మగగొంతులు వాటి వెనక. ఎవరి పేరు పిలుస్తున్నారా అని పెద్దక్క కిటికీ వైపు చెవి ఒగ్గింది. వాళ్లు ఎవరి పేరూ పిలవడం లేదు. కడ్డీ బిగించాలంటున్నారు. అరెస్టయినవాళ్లను వదలాలంటున్నారు.

కొత్తామె ఊచలు పట్టుకుని గొంతు కలిపింది. పెద్దక్క ఆమెను భుజంతో పక్కకు నెట్టి, ఇంకా పైస్థాయిలో ఎత్తుకుంది. కొత్తామె తగ్గలేదు. కానిస్టేబులు వచ్చి నోరు మూసుకోమన్నాడు. ఒకరిని మించి ఒకరు అరుస్తున్న ఆ ఇద్దరికీ అతని గొంతు వినపడలేదు.