మొకం లోపలికి

గడపలో కూర్చుని చేటలో కందిపప్పు ఏరుతున్నాను. వాకిట్లో కారు తలుపు తెరిచే ఉంది. మా ఆయన ధనరాజ్ తాళం తిప్పాడు. స్టీరింగు వెనక దీపాలన్నీ ఒక్కసారి వెలిగి, ఒకటొకటే ఆరిపోయాయి. ఒక్కటీ మిగల్లేదు.

"దిగింది దయ్యం" అన్నాడు.

కారు గేటు దాటి వీధి చివరి దాకా పోయి తిరిగొచ్చింది. ఆయన తలుపు తెరిచేసరికి మూడు దీపాలు వెలుగుతున్నాయి. రెండు పసుపుపచ్చవి, ఒకటి ఎర్రది. పచ్చవాటిలో ఒకదాని మీద జారిపోతున్న కారు బొమ్మ ఉంటుంది. పది రోజులుగా చూస్తున్నాను కాబట్టి నాకు వాటి వరస తెలుసు. మొదట బ్రేకుది పచ్చ దీపం, తరువాత జారే కారు, చివర ఎర్రది.

"ఆగి ఉన్నప్పుడు వస్తలేవు. చక్రం తిరిగినంకనే వస్తున్నయ్" అన్నాను.

"నువ్వు పప్పుల రాళ్లు ఏరు. కారుల ఏరకు."

లోపలి నుంచి అత్తమ్మ అందుకుంది. "వాళ్ల ఊరికి బస్సు రెండుసార్లు వస్తది. ఆమె కారు సంగతి చెప్తది, నువ్వు విను."

మా ఊరు దోమ మండలంలో. బస్సు మూడుసార్లు వస్తుంది. ఆ మాట అనలేదు.

ఆ కారు ఎర్రది, రెండే సీట్లు. మా పెండ్లయిన నాలుగు నెలలకు హైదరాబాదులో ఎవరో వాడినదాన్ని కొన్నాడు. ముందు ఎడమ చక్రం గుయ్యిమని మోగుతోందని, ఫోనులో వీడియోలు చూసి తానే విప్పి, చక్రం మధ్యలో ఉండే బేరింగు మార్చాడు. కొత్తదాన్ని ప్రెస్సు మిషనుతో ఒత్తడం మాత్రం మెకానిక్ షబ్బీర్ చాచా షెడ్డులో చేయించాడు. మోత పోయింది. మరునాడు ఆదివారం వికారాబాదు పోయాడు. అనంతగిరి మలుపుల మీద తోలడానికి దోస్తులు తమ కార్లతో వచ్చారు. అక్కడే ఈ దీపాలు మొదటిసారి వెలిగాయి. "ఏం ధన్నూ, పెండ్లింటి సీరియల్ బల్బులు పెట్టిచ్చినవా" అని ఒకడు ఫోటో తీసి అందరికీ పంపాడు. ఆ రోజు నుంచి ఇంట్లో ఎవరు పలకరించినా కరిచినట్టే మాట్లాడుతున్నాడు.

బ్యాటరీ తీగ విప్పి మళ్లీ బిగించాడు. ఫ్యూజులు మార్చాడు. కారుకు తగిలించి ఫోనులో చూసే చిన్న పెట్టె తెప్పించాడు. ముందు ఎడమ చక్రం సెన్సరు నుంచి కబురు రావడం లేదని అది చెప్పింది. చక్రం ఎంత వేగంగా తిరుగుతోందో చూసేది ఆ సెన్సరే. ఆ పొద్దున కొత్తది తెచ్చి వేశాడు. గేటు దాకా బాగానే ఉంది. వీధి చివర మళ్లీ అవే మూడు.

ఆ మధ్యాహ్నం అన్నం ముందు కూర్చుని తేల్చేశాడు. "షబ్బీర్ పనే ఇది. ప్రెస్సుల పెట్టి ఒత్తేటప్పుడు లోపల ఏదో నలగ్గొట్టిండు."

మా మామ మొగులప్ప తలెత్తాడు. "అడిగినవా?"

"అడిగితే ఒప్పుకుంటడా? సాయంత్రం ఇంటికి రమ్మన్న. నీ ముంగటనే అడుగుత."

"ఆడు చేసింది నిజమైతే లారీలు రేపటి నుంచి వేరే షెడ్డుకు పంపుదం" అన్నాడు మామ.

షబ్బీర్ చాచాది కరణ్‌కోట రోడ్డు మీద షెడ్డు. మా రెండు లారీలు, బండల పాలిష్ యూనిట్‌లో మోటార్లు, అన్నీ ఇరవై ఏళ్లుగా ఆయనే చూస్తున్నాడు. ఆయన షెడ్డులో సగం పని మాదే.

బేరింగు ఒత్తించిన రోజు నేను అక్కడే ఉన్నాను. విప్పిన సామాను బరువు. బండి మీద ఒడిలో పెట్టుకుని పట్టుకోవడానికి మనిషి కావాలని మా ఆయన నన్ను తీసుకుపోయాడు. షెడ్డులో కూర్చునే చోటు లేక గోడకు ఆని నిలబడ్డాను. కొత్త బేరింగుకు ఒక దిక్కు మెరిసే ఉక్కు, ఇంకో దిక్కు రబ్బరులాగా నలుపు. షబ్బీర్ చాచా దాన్ని అరచేతిలో అటూ ఇటూ తిప్పాడు.

"పాతది ఎటు ఉండె ధనరాజ్? అది చూసి ఒత్తుదం."

"పాతది ఇంట్ల పడున్నది. మెరిసే దిక్కు లోపలికి పెట్టు భాయ్. దుమ్ము పడది. లోడు కట్టినట్టే, మొకం లోపలికి."

"లారీలకు గిసొంటిది ఉండది. నాకు ఎరుక లేదు. ఒకసారి పాతది చూస్తే మంచిగుంటది."

"చెప్పిన గద. ఒత్తు."

ఆయన ఒత్తాడు.

లోడు కట్టడం అంటే మా ఇంట్లో అందరికీ తెలుసు. లారీలో తాండూరు బండలు పేర్చేటప్పుడు పాలిష్ పట్టిన మొకాల మీద గీతలు పడకుండా మొకానికి మొకం ఆనిస్తారు. చివరి బండను మొకం లోపలికి తిప్పి పెడతారు. హమాలీల మీద మామ రోజూ అరిచే మాట అది. మా ఆయన పుట్టినప్పటి నుంచీ వింటున్న మాట.

సాయంత్రం షబ్బీర్ చాచా వచ్చాడు. గేటు దగ్గర చెప్పులు విడిచాడు. వాకిట్లో రెండు కుర్చీలుంటే ఒకదాంట్లో మామ, ఇంకోదాంట్లో మా ఆయన కూర్చున్నారు. అత్తమ్మ గుమ్మంలో నిలబడింది. చాచాను కూర్చోమని ఎవరూ అనలేదు. చాయ్ పెట్టనా అని నేను అత్తమ్మ వైపు చూశాను. ఆమె తల అడ్డంగా ఊపింది.

"ఇరవై ఏండ్లు నమ్మినం నిన్ను" అన్నాడు మామ.

"ఏమైంది సేట్?"

"ఏమైందా?" మా ఆయన లేచాడు. "మస్తు ఖరాబు చేసినవ్ కారును. లారీ లెక్క గుద్దినవా ఏంది? సెన్సర్ కూడ మార్చిన, లైట్లు పోతలేవు."

షబ్బీర్ చాచా కారు ముందు ఎడమ చక్రం వైపు ఒకసారి చూశాడు. "నువ్వు ఫోన్ చేసినంక హైదరాబాదుల బేరింగుల దుకానపాయన్ని అడిగిన. గా నల్ల దిక్కు అయస్కాంతమట. సెన్సర్ దాన్నే చూస్తదట. నల్లది లోపలికి ఉండాలె. మనం ఎదురు పెట్టినం."

"మనం కాదు. నువ్వు."

"పాతది ఉన్నదా ఇంట్ల?"

మెట్ల కింద ఉంది. నేను పోయి తెచ్చాను. పోయిన వారం గేటుకు వెల్డింగు చేసినప్పుడు రాలిన ఇనుపరజను ఆ మూలంతా పడింది. బేరింగు నల్ల దిక్కున ఆ రజను సన్నటి గీతలు గీతలుగా, దువ్వెన పళ్లలాగా అతుక్కుని ఉంది. మెరిసే దిక్కు ఒక్క నలుసు లేదు. ఊడ్చేటప్పుడు అది చూశాను కానీ ఎందుకో అప్పుడు తెలియలేదు. షబ్బీర్ చాచా చేతిలో పెట్టాను. ఆయన చూసి మామకు చూపించాడు.

తరువాత నేల మీద కూర్చుని, స్టీరింగు ఎడమకు తిప్పమని మా ఆయనకు చెప్పాడు. అక్కడే పడున్న పానాతో ఒకే ఒక్క బోల్టు విప్పి సెన్సరు బయటికి తీశాడు. తన జేబులోంచి టార్చి తీసి ఆ రంధ్రంలోకి కొట్టాడు.

"చూడు సేట్. మెరుస్తున్నది. నల్లగుండాలె."

మామ వంగి చూశాడు. నడుము పట్టుకుని లేచాడు. "అయితే ఉల్టా ఒత్తినవ్ నువ్వు."

"నేనే ఒత్తిన. ఎటు దిక్కు ఒత్తాల్నో ధనరాజ్ చెప్పిండు."

"నేను చెప్పిన్నా?" మా ఆయన నవ్వాడు. "నల్లది లోపలికి అన్న. నువ్వే తిప్పి పెట్టినవ్. ముసలోనివైనవ్ భాయ్, చెవులు చూపించుకో."

షబ్బీర్ చాచా ఆయన మొహంలోకి చూశాడు. నా వైపు మాత్రం చూడలేదు. చూసి ఉంటే నాకు ఇంకా భయమయ్యేదేమో.

మామే అడిగాడు. "నిఖిలా, ఆ దినం నువ్వు పోయినవ్ గద?"

"ఆమెకేం తెలుసు నాయినా. గోడకు నిలబడి బల్లులు లెక్కపెట్టింది."

"నిన్ను అడగలే."

అత్తమ్మ గుమ్మంలోంచి నా మోచెయ్యి పట్టుకుంది. గట్టిగానే పట్టుకుంది. మా ఆయన నన్ను చూస్తున్నాడు. ఏం చెప్పాలో ఆ చూపులోనే ఉంది. పెండ్లయినప్పటి నుంచి పరాయి మనిషి ముందు నేను ఆయన మాటకు ఎదురు చెప్పింది లేదు.

"పాతది చూసి ఒత్తుదం అని చాచా రెండుసార్లు అన్నడు" అన్నాను. "వద్దన్నరు ఈయన. లోడు కట్టినట్టే, మొకం లోపలికి అన్నరు."

అత్తమ్మ చెయ్యి తీసేసింది. మామ కొడుకు వైపు చూడలేదు. ఆ మాట ఎవరిదో, ఎవరి నోట వచ్చి ఉంటుందో ఆయనకు ఇంకొకరు చెప్పాల్సిన పని లేదు.

"చూసినదానివి, ఆ దినమే ఎందుకు చెప్పలే?" అన్నాడు మా ఆయన మెల్లగా. "లోపలికి పో. నీ సంగతి తరువాత."

నేను పోలేదు. పోలేకపోయాను అనాలేమో.

మామ గొంతు సవరించుకున్నాడు. "సరే. అయ్యిందేదో అయ్యింది. షబ్బీర్, నువ్వే విప్పి తీస్కపో. సరిగ ఒత్తి రేపటికి పంపు. పెద్ద లారీ క్లచ్చి కూడ పట్టేస్తున్నది, పొద్దున తోలిస్త. ఎప్పటి లెక్కనే."

"ఈసారన్న కండ్లు పెట్టి ఒత్తు భాయ్" అన్నాడు మా ఆయన. "మల్ల ఉల్టా అయితే ఊకోను."

"జర చాయ్ పెట్టు" అంది అత్తమ్మ నాతో.

షబ్బీర్ చాచా నేల మీద కూర్చునే ఉన్నాడు. సెన్సరును చొక్కా అంచుతో తుడిచి, దాని రంధ్రంలో పెట్టి, బోల్టు బిగించాడు. చక్రం మాత్రం విప్పలేదు. పానాను మామ కుర్చీ పక్కన మెట్టు మీద పెట్టాడు. పాత బేరింగును దాని పక్కన పెట్టాడు. టార్చి ఆర్పి జేబులో వేసుకున్నాడు. గేటు దగ్గర చెప్పులు తొడుక్కుంటుంటే మామ, "షబ్బీర్" అని పిలిచాడు. ఆయన రెండో చెప్పు కూడా తొడుక్కుని, గేటు చప్పుడు కాకుండా దగ్గరికి వేసి వెళ్లిపోయాడు.