మూకుడు పెద్దామెకి, మూత చిన్నామెకి

నేను ఒక రొట్టె మూకుడిని. పోత ఇనుముతో చేసినదాన్ని. నన్ను పొయ్యి మీదికి ఎత్తాలంటే రెండు చేతులూ కావాలి, దించాలంటే మసిగుడ్డతో పాటు కాస్త భయభక్తులు కూడా కావాలి. ఈ కాలపు పెనాలను చూస్తే నాకు జాలి. గరిటె కాస్త గట్టిగా తగిలితే చాలు, వాటి పూత లేచిపోతుంది. నా దగ్గర అరిగినవి గరిటెలే.

పిఠాపురం పక్కన ఒక చిన్న పోత కొలిమిలో నన్ను తీశారు. అదే పూట, అదే ఇనుముతో నా మూతనూ పోశారు. ఆ మూతకు చుట్టూ రెండు వేళ్ళ ఎత్తు అంచు ఉంటుంది, పైన నిప్పులు పోసుకోవడానికి. దిబ్బరొట్టె తిన్నవాళ్ళకు ఈ సంగతి చెప్పక్కర్లేదు. తిననివాళ్ళ కోసం చెబుతున్నాను. నా కింద కుంపటి, నాలో మినప్పిండి, నా మూత మీద కొబ్బరిచిప్పల నిప్పులు. పైనా కిందా ఒకే తీరుగా కాలితేనే అది రొట్టె, లేకపోతే పిండిముద్ద. అంటే మూత లేనిదే నేను సగం గిన్నెనే. ఒప్పుకోవడానికి నాకేం సిగ్గు లేదు.

తీర్థం జాతరలో మమ్మల్ని బేరమాడి కొన్నది చంద్రమ్మ. ఇంటి ముందు టిఫిన్లు అమ్మి ఇద్దరు కొడుకులను పెంచింది. కోడళ్ళు వచ్చాక పిండి రుబ్బే పని చిన్నకోడలు మాణిక్యానిదీ, కాల్చే పని పెద్దకోడలు నూకరత్నానిదీ అయింది. నూకరత్నం తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళనే రకం. తన వంటలో ఉప్పు ఎక్కువైందనో తక్కువైందనో అన్న మనిషి ఇంతవరకూ పుట్టలేదని వీధంతా చెప్పుకునేది. మాణిక్యం నోరూ తక్కువేం కాదు. ఇద్దరికీ అత్తమీద కోపం వస్తే దుత్తమీద చూపించేవారు. ఆ దుత్తల వరసలో నేనూ ఉన్నాను, కాని నన్ను విసిరేసేంత బలం ఎవరికీ లేక బతికిపోయాను.

చంద్రమ్మ పోయాక పంపకాలు వచ్చాయి. ఇల్లు మధ్యలో గోడ పెట్టుకున్నారు. బిందెలు, కాగులు, పీటలు, అన్నీ గొడవ లేకుండా తెగాయి. నా దగ్గరికి వచ్చేసరికి ఆగింది. కాల్చింది నేనని ఒకరు, నా పిండి లేకపోతే ఏం కాల్చేదానివని ఒకరు. రెండు రోజులు ఎవరూ అన్నం తినలేదు. చివరికి ఊరి పెద్దమనిషి ఒకాయన కండువా సర్దుకుని తీర్పు చెప్పాడు. "మూకుడు పెద్దామెకి, మూత చిన్నామెకి. సమానం." ఎంత న్యాయం, ఎంత న్యాయం అని అందరూ తలలూపారు. మనుషుల న్యాయం నాకు ఆ రోజే అర్థమైంది. ఇద్దరికీ చెరి సగం పనికిరాని ఇనుము ఇచ్చి పంపడమన్నమాట.

ఆ తరువాత పదకొండేళ్ళు తోడికోడళ్ళిద్దరికీ మాటల్లేవు, ఆ రెండిళ్ళలో దిబ్బరొట్టె లేదు. నన్ను బియ్యం డ్రమ్ము మూత మీద బరువుకు పెట్టారు, ఎలుకలు రాకుండా. నా మూత గోడ అవతల కోళ్ళకు నీళ్ళు పోసే పళ్ళెమైందని విన్నాను.

ఒకరోజు పొద్దున్నే మాణిక్యం మొగుడు భద్రం వీధి చుట్టూ తిరిగి వచ్చి నూకరత్నం గుమ్మంలో నిలబడ్డాడు. మాణిక్యానికి గొంతులో గడ్డ వచ్చిందని, కాకినాడలో నెలన్నర పాటు గడ్డ కరగడానికి రేడియేషన్ కరెంటు పెట్టించారని నూకరత్నానికి తెలుసు. అడగలేదు, అంతే.

"గడ్డ తగ్గిపోయిందన్నారు వొదినా. మందులు పడ్డాయంట. తిండే పడటం లేదు," అన్నాడు భద్రం. "ఏం పెట్టినా మన్ను తిన్నట్టుందంటంది. రుచి తెల్డం లేదంట. పదిహేను కేజీలు తగ్గిపోయింది. సోమారం చూపించుకోడానికి వెళ్ళాల. అప్పటికీ తినకపోతే ముక్కులోంచి గొట్టం ఎట్టేస్తామన్నారు. గొట్టమంటే చచ్చిపోతానంటంది."

నూకరత్నం ముఖం తిప్పుకుంది. అటు తిరిగే అడిగింది. "ఏదైనా ఒక్కటైనా తిందా?"

"ఆస్పత్రిలో పక్కమంచం ఆవిడ బాక్సులోది నాలుగు చెంచాలు తింది. కూరగాయలన్నీ కాల్చి, పొరలు పొరలుగా పేర్చి, మళ్ళీ ఓవెన్లో పెడతారంట. మెత్తగా జారిపోద్దంట గొంతులోకి. మనకి ఓవెన్లెక్కడివి వొదినా?"

"ఓవెనంటే ఏటి? పైనా కిందా నిప్పేగా!" అంది నూకరత్నం. వెంటనే వచ్చి నన్ను డ్రమ్ము మీది నుంచి దించింది. పదకొండేళ్ళ తుప్పు! చింతపండు, ఇటుకపొడి పెట్టి నన్ను తోమిన తోముడు ఎలాంటిదంటే, కొలిమిలో కూడా నాకంత వేడి పుట్టలేదు.

మొదటి ప్రయత్నం గురించి చెప్పాలంటే నాకే మొహమాటంగా ఉంది. బంగాళాదుంప, వంకాయ, సొరకాయ, తీపి గుమ్మడి పల్చగా చక్రాలు కోసింది. టమాటా జోలికి పోలేదు, పులుపు మాణిక్యం నోటికి మంట. కారం లేదు, మిరియం లేదు. వంకాయ చక్రాల దగ్గర మాత్రం పుట్టినప్పటి నుంచీ చేసే పనే చేసింది, ఉప్పునీళ్ళలో వేసింది నల్లబడకుండా. తడి తడిగానే తీసి పేర్చింది. పైన స్టీలు పళ్ళెం బోర్లించి దాని మీద నిప్పులు పోసింది. పళ్ళెం వంగిపోయింది. బూడిదంతా లోపలికి రాలింది. అడుగున చూస్తే వంకాయ నుంచి దిగిన నీళ్ళతో అచ్చం పులుసు. నూకరత్నం దాన్ని గేదె కుడితిలో పోసింది. గేదె కూడా ఆలోచించి తాగింది.

అంచున్న మూత లేనిదే ఇది కాదని ఆమెకు తెలిసింది. ఆ మూత ఎక్కడుందో కూడా తెలుసు. చెంగు బొడ్లో దోపి, వీధి చుట్టూ తిరిగి, తోడికోడలి గుమ్మం ఎక్కింది. ఈ ముక్క నేను చూడలేదు, తరువాత మూత చెప్పింది. ఇనుము అబద్ధమాడదు కాబట్టి నమ్మాను.

మాణిక్యం మంచం మీద గోడవైపు తిరిగి పడుకుని ఉందట. సగం మనిషి. నూకరత్నం నిలబడే అడిగింది.

"మూత ఇయ్యి."

మాణిక్యం గొంతు బొంగురుపోయింది. "ఎందుకు?"

"నీకు తిండెట్టడానికి."

మాణిక్యం లేచి కూచుని, "మూత ఇస్తే నువ్వు మళ్ళీ ఇవ్వవు. నేనూ వస్తాను," అంది. ఆ మాటకు భద్రం కోళ్ళను తోలి, మూతలోని నీళ్ళు పారబోసి, బూడిదతో తోమడం మొదలుపెట్టాడు.

నా మూత పదకొండేళ్ళకు నా మీద కూచుంది. అంచు అంచులో కుదిరింది. నాకు ఏడుపు రాదు గానీ, వస్తే అప్పుడే వచ్చేది.

మాణిక్యాన్ని నూకరత్నం వంటింట్లో పీట మీద గోడకు ఆనించి కూచోబెట్టారు. నూకరత్నం మళ్ళీ చక్రాలు కోసి వంకాయలను ఉప్పునీళ్ళలో పడేసింది. మాణిక్యం చూసింది.

"అక్కా, కాల్చేదానికి నీళ్ళెందుకే? కూరకి కదా నీళ్ళు?"

"నాకు వంట నేర్పకు," అని నూకరత్నం గయ్యిమంది. అన్న మరుక్షణం గేదె గుర్తొచ్చిందేమో, మాట మింగేసింది. చక్రాలన్నీ నీళ్ళలోంచి తీసి పాత పంచెలో వేసి ఒత్తింది. ఒక్కొక్కదాన్ని నా మీద చుక్క నూనెతో రెండు వైపులా కాల్చింది. అడుగున దుంప, దాని మీద గుమ్మడి, ఆ పైన వంకాయ, సొరకాయ. పొర పొరకూ మధ్య గుడ్డలో కట్టి నీరు తీసిన గడ్డపెరుగు, చిదిమిన పనీరు, ఉడికించి మెదిపిన వెల్లుల్లి. పై పొర మీద వెన్న రాసింది. పుండుపడిన నోటికి ఉప్పు తగిలితే మండుతుందని, ఉప్పుడబ్బాలో వేలు పెట్టి, తీసి, రెండే చిటికెలు వేసింది. మూత పెట్టింది. నిప్పులు పోసింది.

అరగంట. లోపల ఏం జరుగుతోందో నాకు తెలుసు. దుంప అడుగున ఎర్రబడింది, గుమ్మడి రసం కాస్త కాస్తగా దుంపలోకి దిగింది, వెన్న పైన బుడగలు కట్టి బంగారు రంగుకు వచ్చింది. నా వంతు నేను చేశాను, మూత తన వంతు చేసింది. ఇక మాకు చేతనైంది అయిపోయింది. వీధిలో పోయేవాళ్ళు ఆగి ఏంటండీ ఆ వాసన అని అడిగారు. ఆ వాసన తగలనిది ఒక్క మాణిక్యానికే.

నూకరత్నం చిన్న ముక్క కోసి గిన్నెలో పెట్టి, చల్లార్చి, చెంచాతో అందించింది. మొదటి చెంచా మాణిక్యం కళ్ళు మూసుకుని మింగింది.

"ఎలాగుంది?"

"జారింది. అంతే. మన్నే."

నూకరత్నం చెయ్యి కిందికి దిగిపోయింది. భద్రం గుమ్మంలోంచి పెరట్లోకి వెళ్ళిపోయాడు. సోమవారానికి ఇంకా నాలుగు రోజులే ఉన్నాయి. ఆ వంటింట్లో ఇంత భయం నేనెన్నడూ చూడలేదు. నూకరత్నం అడుగున ఎర్రగా వేగిన దుంప పొర గీకి, ఇంకో చెంచా పెట్టింది. ఇంకోటి. మాణిక్యం విసుగ్గానే నోరు తెరుస్తోంది. నాలుగో చెంచా నోట్లో ఉండగా ఆగింది. నాలుకతో అటూ ఇటూ తిప్పింది. నొసలు చిట్లించింది.

"అక్కా."

"ఏటే? మండిందా?"

"ఉప్పు తక్కువేసావు."

నూకరత్నం వంటలో తప్పు పట్టిన మొదటి మనిషి ఆమె. నూకరత్నం చెంచా కింద పెట్టేసింది. "ఏటన్నావు? మళ్ళీ చెప్పు."

"ఉప్పు తక్కువైందే తల్లీ! చప్పగా ఉంది!"

"ఓ మరిదీ! ఇలా రా! ఉప్పు తక్కువైందంటంది!" అని నూకరత్నం వీధంతా వినబడేలా కేకేసింది. భద్రం పరుగున వచ్చి ఏమీ అర్థం కాక నిలబడ్డాడు. నాలుకకు రుచి తెలిసిందని అర్థమయ్యాక గోడకు చేరగిలబడి ముఖానికి తువ్వాలు అడ్డం పెట్టుకున్నాడు. నూకరత్నం నవ్వుతూ, ఏడుస్తూ, ముక్కు చీదుకుంటూ ఉప్పుడబ్బా వెతుకుతోంది. డబ్బా ఎదురుగానే ఉంది. ఆమెకు కనబడటం లేదు.