వలలో చిక్కిన చిలకలు

వల దించి అంచు మీద రాళ్లు పెట్టాక గాని లోపల అరుపులు మొదలు కాలేదు. జామచెట్ల మీదికి చిలకల్ని రానివ్వకుండా కట్టిన వలలో ఆమె చిలకల గుంపునే మూసిపెట్టింది.

కలుపు తీతకు ఎత్తిన వల మళ్లీ దించేముందు చెట్ల మధ్య తిరిగి డబ్బాలు వాయించాలి. చెట్లు నిశ్శబ్దంగా ఉన్నాయని ఈరోజు ఆ పని ఎగ్గొట్టింది. తినేటప్పుడు చిలక నోరు మెదపదని ఆమెకు తెలియనిదేం కాదు. ఆమెకు తొందరెక్కువని పుట్టింటివాళ్లూ అత్తింటివాళ్లూ కలిసి ఒప్పుకునే సంగతి అదొక్కటే.

మధ్యాహ్నం జామకాయల బేరగాడు వస్తాడు. ముక్కు గాటు పడిన కాయలు కనిపిస్తే తోటలో అడుగైనా పెట్టడు. ఏడాది కష్టం గంటలో మట్టిపాలయ్యేలా ఉంది.

భర్తా ఆమే కలిసి వల అంచు ఎత్తి పట్టుకున్నారు. చిలకలు కిందికి రావే. బెదిరినకొద్దీ పైకెగిరి వలకు కొట్టుకుంటున్నాయి, జారిపడిన చోటల్లా కాయల్ని గీరేస్తున్నాయి. ఇక పైన వల కోయడమొక్కటే దారి.

భర్త కొడవలి తెచ్చి, తన పని అయిపోయినట్టు ఆమె చేతికే ఇచ్చాడు. వల ఆమె అన్నయ్యది మరి. పక్క తోట ఆయనదే. తన కాయ ఆలస్యంగా రంగు తిరుగుతుందని ముందు చెల్లెలికి ఇచ్చాడు. రేపు వల అక్కడికి చేరాలి. చిన్న చిరుగైనా పడనివ్వనని ఆమె మాటిచ్చింది.

నిచ్చెనెక్కి, కళ్లు మూసుకుని కోసింది. చిలకలన్నీ ఒక్కసారిగా బయటపడ్డాయి. గుండెల మీది బరువు దిగినట్టయింది. అది కూడా ఎంతోసేపు నిలవలేదు. గుంపు ఒక చుట్టు తిరిగి, కంచె దాటి, వల లేని అన్న తోట మీద వాలింది.

ఆమె నిచ్చెన మీద నుంచే ఫోన్ చేసింది.

"అన్నయ్యా, చిలకలు నీ తోటలో దిగాయి."

వల ఇప్పుడే పంపేయమన్నాడు అన్న.

"వల కోసేశాను. చిలకలు లోపల ఉండిపోయాయి అన్నయ్యా, తప్పు నాదే."



"నన్నొక మాట అడగాల్సింది కదమ్మా."

"అడిగితే వద్దంటావని."

"అనేవాణ్ణే," అని అన్న ఫోన్ పెట్టేశాడు.