దాపటి చేయి

రోహిణీ కార్తె కడముట్టుచున్న యా ప్రభాతమున శేషాచల పర్వతశ్రేణి పాదమున నున్న గుండ్లమిట్ట యను పల్లెపై వడగాలి యింకను మేలుకొనలేదు. కోతలు ముగిసిన మామిడితోపులు ఫలభారము దింపుకొని తేలికపడిన కొమ్మలతో విశ్రమించుచుండెను. ఎండిన వాగునడుమ చెలమ త్రవ్వి నీరు తోడుకొను స్త్రీల గాజుల సవ్వడియు కొండవాలున మేయు మేకల మెడగంటల మ్రోతయు నొకదానితో నొకటి ముచ్చటలాడుకొనునట్లు వినవచ్చుచుండెను. నైరృతి దిక్కున మాత్రము కొండకొమ్మునకు దిష్టిచుక్క పెట్టినట్లు పిడికెడంత నల్లమబ్బు పొడచూపెను.

ఆ మబ్బును జూచి పల్లెవాసులందఱును సంతసించిరి. రెడ్డెమ్మ యొక్కతె మాత్రము సంతసింపలేదు.

రెడ్డెమ్మ యెడ్లబండి తోలిన తండ్రికి బుట్టి పశువైద్యశాలలో ముప్పదియేండ్లు ఉద్యోగము చేసి విరమించిన స్త్రీ. కొండపైనున్న మూడు పల్లెలకు బస్సు లేదు. సరియైన బాటయు లేదు. తొలకరి వానలు పడినతోడనే యచటి పశువులకు గొంతువాపు తగులును. తగిలిన పశువు మఱునాటి మధ్యాహ్నమును జూడదు. కావున ఏటేట వానలకు ముందుగా టీకామందును మంచుగడ్డల పెట్టెలో నుంచుకొని నాలుగు చక్రములును లాగు తన పాత జీపులో కొండనెక్కి యొక్క దూడనైనను విడువక టీకా వేసి వచ్చుట యామె వ్రతము. ఉద్యోగము విడిచినను ఆ వ్రతమును విడువలేదు. ఆ జీపు స్టీరింగు మాత్రము తడియారని పిండిని తిరుగలిలో త్రిప్పినంత కష్టముగా తిరుగును. అయినను దానిని త్రిప్పి త్రిప్పి యామె కుడిభుజము రాయివలె గట్టిపడియుండెను. గడచిన మాఘమాసమున చూలిగేదె యొకటి యా భుజముపైననే తన్నెను. ఎముక యతికినది గాని చేయి రొమ్ముదాటి పైకి లేచుట మానివేసినది.

ఆమె మాటలో నొక వింత గలదు. లోకులవలె కుడి యెడమ యని యామె యెన్నడును అనదు. తండ్రి బండి తొట్టిలో పెరిగినదగుటచే కాడికి ఎడమనుండు ఎద్దు దాపటిది కుడినుండునది వలపటిది యని నేర్చిన బాల్యభాషనే నేటికిని పలుకును. అన్నపు విస్తరియందు పచ్చడి దాపట నుండవలెను. దీపము వలపట నుండవలెను. జీపులో తాను వలపట గూర్చుండును. దాపటి యాసనముపై పెనిమిటి పోయిననాటినుండి మందుపెట్టె తప్ప మనుష్యులెవ్వరును గూర్చుండలేదు.

ఆ గృహమునకు మృణాళిని కోడలై వచ్చి నలువది దినములైనది. ఆమె యంత్రవిద్య చదివిన యువతి. మెడలోని పసుపుత్రాటికి రంగింకను వెలియలేదు. ఉదయమున భర్త తనకై దాచియుంచిన మీగడయు పెరటిలో విరిసిన యొక్క గన్నేరుపూవును సంకటిముద్దలో వ్రేలితో చేసిన గుంటయందు నెయ్యి నిండుటయు నామెకు పండుగలుగా దోచుచుండెను. ఆ నలువది దినములలో ఆమెకు కొఱవడిన దొక్కటే. అత్తగారు కోడలిని పల్లెత్తు మాట యనలేదు గాని నవ్వుచు పలుకరింపనును లేదు.

ఆ గురువారమునాటి యుదయమున రెడ్డెమ్మ వసారాలో గూర్చుండి మబ్బువంక జూచుచు కుమారుని బిలిచెను.

"నరహరీ! సోమవారము టీకామందు పంపెదనని పశువైద్యశాల డాక్టరు కబురంపినాడు. పంపవలదని చెప్పిరమ్ము. జీపును గూడ నెవరైన అడిగిన ఇచ్చివేయుదము."

నరహరి పాఠశాలలో తెలుగు బోధించు మృదుస్వభావుడు. అతడు తల గోకికొనుచు "అమ్మా! బండిని నేను నడిపెదను" అనెను.

"నీవా? సంధులు కలుపుట నేర్చితివి గాని నాయనా గేరు కలుపుట నేర్వలేదు. నిన్ను నమ్మి కొండనెక్కిన పశువులకు గాక ముందు మనకే వైద్యము గావలెను."

"అత్తమ్మా! మఱి పైపల్లెలకు ఎవరు పోవుదురు?" అని మృణాళిని యడిగెను.

"ఎవరును పోరు" అని రెడ్డెమ్మ తన కుడిచేతిని ఎడమచేతితో నెత్తి యొడిలో నుంచుకొనెను.

ఆ యొక్క చేష్ట మృణాళిని హృదయమున ముల్లువలె నాటెను. తానే బండి నడుపుదునన్న ధైర్యమును ఆమెకు లేదు. పదిదినముల క్రిందట కొండదారిలో మొదటి మలుపువఱకు నడిపి చూచినది. అచట స్టీరింగుచక్రమును రెండుచేతులతో బట్టి వ్రేలాడినను అది కదలలేదు. గాజులు మాత్రము మూడు పగిలినవి. ఆనాటినుండి యామె మనస్సున నొక యాలోచన మొలకెత్తి పెరుగుచుండెను. నేటి బండ్లలో ఇంజను త్రిప్పెడు పంపొకటి నూనెను బలముగా స్టీరింగు పెట్టెలోనికి నెట్టును. చేయి సైగచేసిన జాలును. శ్రమయంతయు నూనెదే. అట్టి పవర్ స్టీరింగును వేఱొక బండినుండి దెచ్చి యీ జీపునకేల అమర్పరాదు?

ఆమె యా మాటను బయటపెట్టగా రెడ్డెమ్మ కనుబొమలు ముడిచెను. "నలువదియేండ్ల బండికి పరాయి చేయి తగిలింతువా? దాని యినుము దానికి దెలియును."

"మూడు దినములు గడువిమ్ము అత్తమ్మా. అమరకున్న పాతదానినే మరల బిగించి యిచ్చెదను."

రెడ్డెమ్మ జీపు తాళపుచెవిని కొంగుముడినుండి విప్పి అరుగుపై నుంచి లోనికి బోయెను. నరహరి డాక్టరునకు కబురు చేయుట మానెను.

కూడలియొద్ద మెకానిక్కు దస్తగిరి యొక్క కొట్టమున్నది. గోరంట గడ్డమును గుండ్రని నవ్వును గల యా వృద్ధునియొద్ద లారీ తాకి వెన్ను విఱిగిన వ్యాను ఒకటి పడియుండెను. దాని ముందుభాగము చెక్కుచెదరలేదు. పంపును గొట్టములును స్టీరింగు పెట్టెయు నూనె త్రాగిన నలుపుతో నిగనిగలాడుచుండెను. పెట్టె క్రింద నొక ఇనుపచేయి గలదు. పెట్టె తిరిగినప్పుడు ఆ చేయి పక్కకు ఊగి కడ్డీని నెట్టగా ముందుచక్రములు తిరుగును.

"పాపా! ముసలి జీపునకు కుఱ్ఱవ్యాను చేయి యతికించుట పెండ్లిసంబంధము కుదుర్చుటవంటిది. జాతకములు కలియవలెను" అని దస్తగిరి మూరకోల చేతబట్టెను.

"మా జాతకములును కలియలేదు భాయీ. అయినను బాగుగానే యున్నాము" అని మృణాళిని యనగా ప్రక్కన రెంచి పట్టుకొని నిలిచిన నరహరి చెవులవఱకు ఎఱ్ఱబడెను.

శుక్ర శని వారములు రెండును వారు మువ్వురును శ్రమించిరి. మృణాళిని కొలతలు వ్రాసెను. దస్తగిరి చట్రమునకు ఇనుపరేకు అతికి పెట్టెను బిగించెను. ఇంజను ప్రక్కన పంపును నిలిపి బెల్టు తొడిగిరి. నరహరి యడిగిన పనిముట్టు తప్ప తక్కినవన్నియు నందించుచు నడుమనడుమ భార్య నుదుటి చెమటను తన కండువాతో తుడుచుచుండెను. ఒకమాఱు ఆమె చెక్కిలికంటిన గ్రీజును తుడువబోయి మఱింత పూసెను. ఆ మసితోడనే యామె సాయంకాలమువఱకు ఆనందముగా దిరిగెను.

ఆదివారము ప్రొద్దున జీపును పెరటి బీడులోనికి దెచ్చిరి. మృణాళిని వలపటి యాసనమున గూర్చుండి యొక్క వ్రేలితో చక్రమును కదపెను. అది కదలెను! ఆమె యుబ్బితబ్బిబ్బయి బండిని ముందునకు నడిపెను. ఎదుట నెడమవైపున గడ్డివామి యుండెను. దానిని తప్పించుటకై ఆమె చక్రమును కుడికి ద్రిప్పగా బండి యెడమకు దిరిగెను.

"కుడికి! కుడికి!" అని నరహరి వెంటబరుగెత్తుచు అఱచెను.

"కుడికే త్రిప్పుచున్నానండీ!" అని యామె మఱింత కుడికి ద్రిప్పెను. బండి మఱింత యెడమకు దిరిగి ముక్కును గడ్డివామిలో దూర్చి యాగిపోయెను. గడ్డి మేయుచున్న మేక యొకటి బానెట్టుపైకెక్కి మే యని యఱచి మరల మేత సాగించెను.

మృణాళిని చక్రముపై తలవాల్చెను. టీకామందు ఱేపు వచ్చును. మబ్బు పర్వతమంత పెరిగినది. పాత స్టీరింగు పెట్టెలోని గేరుపండ్లు తీయునప్పుడే విఱిగినవి గనుక దానిని మరల బిగించుటయు నసాధ్యము. అత్తగారి చేతులలో నొకదానిని దైవము దీసికొనగా రెండవ చేతివంటి బండిని తాను బాడుచేసితినని యామె కన్నులవెంట నీరు జారెను.

అంతలో వెనుకనుండి యొక విచిత్రధ్వని వినబడెను. రెడ్డెమ్మ నవ్వుచుండెను. భుజము నొప్పిపెట్టగా దానిని ఎడమచేత నదిమిపట్టుకొని వంగి వంగి నవ్వుచుండెను. నవ్వు తగ్గినపిదప ఆమె బండి ముందునకు వచ్చి గడ్డిని త్రోసి నేలపై చతికిలబడి క్రిందికి దొంగిచూచెను.

"దస్తగిరీ! వ్యానునందు ఈ ఇనుపచేయి ఎటు చూచుచుండెడిది?"

"ముందుకక్కా."

"మన పాతదో?"

దస్తగిరి గడ్డము గోకికొనెను. అతని చేయి గడ్డమునందే నిలిచిపోయెను. "వెనుకకు చూచెడిదక్కా! అయ్యో! ముందున్న చేయి కుడికి బోవునప్పుడు వెనుకనున్న చేయి యెడమకు గదా పోవును. నలువదియేండ్లుగా మెకానిక్కును. నాకు దట్టలేదు."

"మా నాయనయొద్ద నొక దాపటెద్దుండెను. బలిష్ఠమైనది. వలపటిది కుంటినపుడు ఒకనాడు దానిని వలపట గట్టిచూచితిమి. అదలించినకొలది వలసిన దిక్కు విడిచి గట్టునకు లాగినది. నాయన దానిని కొట్టలేదు. విప్పి మరల దాపట గట్టినాడు. అంతే. ఎద్దునందు దోషము లేదు. కట్టినచోట దోషమున్నది" అని రెడ్డెమ్మ లేచి చీర దులుపుకొనెను. పిమ్మట కోడలి వంక జూచి "ఏడ్చిన మసి కఱగి కంటిలో బడును. దిగుము. దీని చేయి వెనుకకు ద్రిప్పి కట్టుడు" అనెను.

పెట్టెను జానెడు ముందునకు జరిపి చట్రమునకు గ్రొత్త రంధ్రములు వేసి యినుపచేతిని వెనుకకు మరల్చి బిగించిరి. ఈ పర్యాయము రెడ్డెమ్మ లోనికి బోలేదు. అరుగుపై గూర్చుండి మఱ మఱకును పేరుపెట్టి తగవులాడుచు మువ్వురకును మజ్జిగ పంపుచుండెను. సూర్యుడు పడమటికొండను జేరులోపల జీపు బీడు చుట్టును చెప్పినట్లు విని తిరిగెను.

సోమవారము టీకామందు వచ్చెను. నరహరి మంచుగడ్డల పెట్టెను దెచ్చి అలవాటుచొప్పున దాపటి యాసనముపై నుంచబోయెను. వలపట గూర్చుండిన రెడ్డెమ్మ తలయూపి వారించెను.

"అది వెనుకబెట్టుము. ఏమే అమ్మణ్ణీ! వాకిట దిష్టిబొమ్మవలె నిలిచితివేమి? వచ్చి దాపట గూర్చుండుము."

మృణాళిని పట్టుచీర కట్టుకొని పీటలపైకి నడచిననాటికంటె మెల్లగా నడచివచ్చి యా యాసనమున గూర్చుండెను.

"మఱి నేనో?" అని నరహరి యడిగెను.

"నీవు వెనుక మంచు కఱగకుండ కాపాడుచు సంధులు కలుపుకొనుము."

జీపు కొండనెక్కసాగెను. రెడ్డెమ్మ కుడిచేయి యొడిలో నిశ్చింతగా పడియుండెను. ఎడమచేయి యొక్కటే విస్తరిని ద్రిప్పినంత సులభముగా చక్రమును ద్రిప్పుచుండెను. "మఱీ మెత్తన. బండి నడుపుచున్నట్లు లేదు. పిండి కలుపుచున్నట్లున్నది" అని యామె సణిగెను. ఆ సణుగుడులోని తృప్తిని గ్రహించి మృణాళిని పెదవి కొఱుకుకొని నవ్వాపుకొనెను. మూడు గాజులు పగిలిన మొదటి మలుపు వచ్చెను. పోయెను. ఆ మలుపున నొక్క గాజైనను మ్రోగలేదు.

సాయంకాలమునకు మూడుపల్లెల పశువులకును టీకాలు పూర్తియయ్యెను. కడపటి దూడ మెడను నిమిరి విడుచునప్పటికి తొలిచినుకు రెడ్డెమ్మ భుజముపైననే పడెను. ఆమె తల యెత్తి మబ్బును జూచి యీమాఱు సంతసించెను. తాళపుచెవిని కోడలి చేతిలో బెట్టెను.

"దిగునపుడు నీవు వలపట గూర్చుండుము. దాపట నేనుందును."

వాన చిక్కబడెను. పరాయి బండినుండి వచ్చిన ఇనుపచేయి యా పాత బండి గర్భమున నెవ్వరికిని గనబడక తన దిక్కెఱిగి కదలుచుండెను. ఎచటనుండి వచ్చితిమన్నది ఇనుమునకైనను మనుష్యునకైనను కొన్నినాళ్ల ముచ్చటయే. తన వైపేదో చూపి చేర్చుకొను వారొకరుండిన నది సొంత చేయియే యగును. తడిసిన మట్టివాసనల నడుమ ఆ యిరువురు స్త్రీలును ఒక్క కాడి క్రింద నడచు జోడువలె కొండదిగి వచ్చుచుండిరి.