ఒట్టిగ మడవొద్దు

పెద్ద కంపెనీల వాళ్లందరిదీ ఒకటే ప్రశ్న: "పక్కన ఎవరొస్తున్నారు?"

హైదరాబాద్‌లో ఆ మాల్‌కు కొత్త బ్లాక్ కట్టారు. నేలంతా పాలరాయి పరిచారు, పైకప్పుకు అద్దాలు బిగించారు, గాల్లోకి సువాసన చల్లే మిషన్లు కూడా తెచ్చిపెట్టారు. దుకాణాలే రాలేదు. గడియారాల కంపెనీ వాళ్లు బ్యాగుల కంపెనీ వస్తే వస్తామన్నారు. బ్యాగుల కంపెనీ వాళ్లు ముందు గడియారాల వాళ్లు సంతకం పెట్టారా అని అడిగారు. అత్తరు కంపెనీ వాళ్లయితే ఆ ఇద్దరూ వచ్చాక చూద్దామన్నారు. అంత డబ్బున్నవాళ్లకు ఒంటరిగా ఉండాలంటే ఎందుకంత భయమో! మొదటిరోజు బడికి పోయే పిల్లలు కూడా ఇంత పేచీ పెట్టరు.

ఈ పేచీలన్నీ తీర్చాల్సిన మనిషి జ్యోత్స్న, ఆ మాల్‌లో లీజింగ్ మేనేజర్. సత్తుపల్లి దాటాక పామాయిల్ తోటలు అయిపోయి అడవి మొదలయ్యే చోట ఉన్న తండా ఆమెది. పండగలోపు కొత్త బ్లాక్ నింపకపోతే నీ కుర్చీలో ఇంకొకరు ఉంటారని పై అధికారి ఉదయ్ భాస్కర్ నవ్వుతూ చెప్పాడు. ఆయన కోపంగా అన్నవి మరిచిపోయేవాడు. నవ్వుతూ అన్నవి మాత్రం చేసి చూపించేవాడు.

బ్యాగుల కంపెనీ తరఫున ముంబై నుంచి తారిణి అనే ఆవిడ వచ్చింది. మాల్ అంతా తిప్పి చూపించినా ఆవిడ మొహంలో ఏ కదలికా లేదు. ఇక లాభం లేదనుకుని జ్యోత్స్న తన ఫోన్‌లోని ఒక ఫొటో చూపించింది. అది వాళ్ల దాది, అంటే తండ్రిని కన్నతల్లి చాంది, ట్రంకుపెట్టెలో దాచుకున్న టుక్రి. తలమీంచి వీపు కిందికి వేసుకునే ముసుగు బట్ట. ఫొటోలో మడత మీది ఒక మూలే కనిపిస్తోంది. ఎర్రగుడ్డ కనబడనంత దట్టంగా కుట్టు, మధ్యమధ్య అద్దాలు, అంచున గవ్వలు. తారిణి ఫోన్ లాక్కున్నంత పని చేసింది. తమ దుకాణం ముందరి అద్దాల షోకేసులో ఇది ఉండే పనైతే కంపెనీని ఒప్పిస్తానంది. తాము వస్తే మిగతావాళ్లు పరిగెత్తుకొస్తారని కూడా అంది. వెంటనే ఆ బట్ట చూడాలని పట్టుబట్టింది.

చాంది ఆ బట్టను తన చావు కోసం దాచుకుంది. పెళ్లినాడు వాళ్లమ్మ కుట్టి ఇచ్చింది. ఆ తండాలో ముసలివాళ్లంతా అలాంటి బట్టొకటి పెట్టెలో ఉంచుకుంటారు. మనిషి పోతేనే దాన్ని విప్పి, ముందు వాకిట్లో మంచం మీద పరుస్తారు. పరిచిన బట్ట చూసి తండా అంతా కదిలి వస్తుంది. వేరే కబురు పంపాల్సిన పనిలేదు. ఇదంతా జ్యోత్స్నకు తెలుసు. మడత విప్పకుండా, పెట్టెలో ఉన్నదాన్ని ఉన్నట్టే చూపించి తారిణిని వెనక్కి తీసుకొచ్చేస్తే ఏమీ కాదని తనకు తాను నచ్చజెప్పుకుంది.

వాళ్లు తండాకు చేరేసరికి ఎండ మాడ్చేస్తోంది. చాందికి ఇంటికి మనుషులొస్తే సంబరం. ఇంట్లో లంబాడీ మాటే అయినా, కొత్తవాళ్ల ముందు తెలుగే మాట్లాడటం ఆమెకొక మర్యాద. పెట్టె మూత తీసి చూడనిచ్చింది కానీ బట్ట మీద చెయ్యి వేయనివ్వలేదు. తర్వాత కొడుకు బద్యా పెరట్లోంచి పుచ్చకాయ కోశానని పిలిస్తే అటు వెళ్లింది. జ్యోత్స్న వంటింట్లో టీ పెడుతోంది. తారిణికి ఫొటోలు తీయడానికి గదిలో వెలుగు చాలలేదు.

జ్యోత్స్న టీ గ్లాసులతో బయటికి వచ్చేసరికి టుక్రి వాకిట్లో మంచం మీద పరిచి ఉంది. ఎండకు దాని అద్దాలన్నీ కళ్లలోకి కొడుతున్నాయి. వెంటనే తీసేయాలి. కానీ ఒక్క నిమిషం ఆగమని తారిణి చేత్తో సైగ చేసింది, ఫొటోలు బ్రహ్మాండంగా వస్తున్నాయంది. జ్యోత్స్న ఆగింది. ఆ కాస్త ఆగడమే కొంప ముంచింది.

దారిన పోతున్న ఒకామె కట్టెల మోపు దించి, ముసుగు ముందుకు లాక్కుని వచ్చి మంచం పక్కన కూర్చుంది. ఆమెను చూసి ఎదురింటి ఆడవాళ్లు వచ్చారు. చేలోంచి ఇంకొందరు వచ్చారు. వచ్చినవాళ్లు వచ్చినట్టే మంచం చుట్టూ కూర్చున్నారు. వాళ్లలో పెద్దావిడ జ్యోత్స్న చెయ్యి పట్టుకుని మెల్లగా అడిగింది.

"ఎప్పుడు పోయిందే?"

అప్పుడే చాంది పెరట్లోంచి వచ్చింది. గడ్డం మీద పుచ్చకాయ రసం ఇంకా తడిగా ఉంది. ముందు బట్టను చూసింది, తర్వాత ఆడవాళ్లను చూసింది. వాళ్లు ఆమెను చూశారు. సరిగ్గా అప్పుడే తండా అవతలి బొగ్గుగనిలో మందుగుండు పేల్చారు. ఇంట్లో అల్మారాలోని గిన్నెలు గలగలమన్నాయి. రోజూ వినే చప్పుడే, ఆ రోజు మాత్రం అందరూ ఉలిక్కిపడ్డారు. తనకు స్వాగతం చెప్పడానికే ఇంతమంది వచ్చారనుకుని తారిణి వాళ్లనూ ఫొటో తీసింది.

చాంది వచ్చి ఆ ఆడవాళ్ల మధ్య, తన బట్టకు ఎదురుగా, తనే కూర్చుంది. జ్యోత్స్న గబగబా బట్ట తీసి మడవబోతే చాంది ఆమె చెయ్యి పట్టుకుని ఆపింది.

"తెర్సినంక ఒట్టిగ మడవొద్దు బిడ్డా. మనిషి మీద కప్పినంకనే మడవాలె."

బద్యా కోసిన పుచ్చకాయ ముక్కలన్నీ తీసుకెళ్లి గేదె ముందు పడేశాడు. కూతురి మీద ఆయన అంత కోపం చూపించడం అదే మొదలు.

తారిణి మాత్రం తన పని తను చేసుకుపోయింది. బట్ట ఇవ్వడానికి చాంది ఒప్పుకుంటుందేమో అడగమంది. ఏడాదిపాటు అద్దాల్లో ఉంచి జాగ్రత్తగా తిరిగి తెస్తారని జ్యోత్స్న దాదికి చెప్పింది.

"అవ్" అంది చాంది.

అక్కడివాళ్లు అవ్ అంటే సరేనని కావచ్చు. వింటున్నా, చెప్పమని కావచ్చు. ఔరా, ఇంతకు తెగించారా అని కూడా కావచ్చు. గొంతును బట్టి తెలుసుకోవాలి. చాంది గొంతులో సరే అన్నది ఏ మూలా లేదు. జ్యోత్స్న తారిణి వైపు తిరిగి, ఒప్పుకుందని ఇంగ్లిషులో చెప్పేసింది.

మడవకూడదు కాబట్టి టుక్రిని పరిచినట్టే కారు వెనక సీటులో పరిచారు. చాంది కారు కిటికీ పట్టుకుని నిలబడింది.

"గా అద్దాల ఇంట్ల దీని పక్కన ఎవరుంటరు?"

జ్యోత్స్నకు నవ్వొచ్చినంత పనయింది. ఒకపక్క గడియారాల వాళ్లు, ఇంకోపక్క అత్తరు వాళ్లు ఉంటారని చెప్పింది.

"మనిషి ఉండాలె. తెర్సిన బట్టను ఒంటిగ ఇడువొద్దు" అంది చాంది.

బ్యాగుల కంపెనీ సంతకం పెట్టింది. ఆ మాట బయటికి రాగానే గడియారాల వాళ్లు, అత్తరు వాళ్లు, చెప్పుల వాళ్లు వరసకట్టారు. ఉదయ్ భాస్కర్ అందరి ముందూ జ్యోత్స్నను మెచ్చుకున్నాడు. అక్కడ తండాలో చాంది తిండి తగ్గించేసింది. మంచం ఎక్కడం మానేసి నేల మీదే పడుకుంటోందని బద్యా ఫోన్‌లో చెప్పాడు. ఎప్పుడు ఫోన్ చేసినా చాంది అడిగేది ఒక్కటే: మడిచిండ్రా? ఇంకా లేదంటే, అవ్ అని ఊరుకునేది. ఆ అవ్ విన్న రోజు జ్యోత్స్నకు ఏ పనీ చేయబుద్ధయ్యేది కాదు.

కొత్త బ్లాక్ ప్రారంభానికి తనూ వస్తానని చాందే అడిగింది. కంపెనీ వాళ్లు ఎగిరి గంతేశారు, కారు పంపించారు. సాయంత్రం లైట్లన్నీ వెలిగాక బద్యా చెయ్యి పట్టుకుని, పాలరాతి మీద ఒట్టికాళ్లతో నడిచి వచ్చింది. బ్యాగుల దుకాణం అద్దాల వెనక పొడవాటి తెల్లని బల్ల మీద టుక్రి పరిచి ఉంది. దాని మీద ఒక్క బ్యాగు పెట్టారు. మంచానికీ ఆ బల్లకూ పెద్ద తేడా లేదు.

చాంది ముసుగు ముందుకు లాక్కుని అద్దానికి ఎదురుగా నేలమీద కూర్చుంది.

వచ్చిన అతిథులంతా ఇదీ కార్యక్రమంలో భాగమేననుకుని చుట్టూ చేరి ఫోన్లు పైకెత్తారు. రిబ్బన్ కత్తిరించేదాకా ఆమెను అలాగే ఉంచమని ఉదయ్ భాస్కర్ జ్యోత్స్న చెవిలో చెప్పాడు. జ్యోత్స్న వంగి, కుర్చీ వేయిస్తాను లెమ్మని దాదిని బతిమాలింది. మడిచేదాకా లేవకూడదు కదా అంది చాంది. నిష్ఠూరమేమీ లేదు ఆ మాటలో, తెలియనివాళ్లకు చెప్పినట్టు చెప్పింది. స్టేజీ మీదికి రమ్మని పిలుపు వస్తే జ్యోత్స్న వెళ్లింది. బద్యా మంచినీళ్ల కోసం వెళ్లాడు.

చప్పట్లు ఆగాక తిరిగి వచ్చి చూస్తే చాంది నుదురు అద్దానికి ఆనించి ఉంది. జ్యోత్స్న చెయ్యి పట్టుకుంది. చెయ్యి జారిపోయింది. ముక్కు దగ్గర వేలు పెట్టి చూసింది. పిలిచింది, ఊపింది. నీళ్ల సీసాతో వచ్చిన బద్యాకు ఎవరూ ఏమీ చెప్పాల్సిన అవసరం లేకపోయింది.

"అమ్మ బట్ట అమ్మకియ్యమను" అన్నాడు కూతురితో.

తారిణి మొహం పాలిపోయింది. అద్దం సీలు వేసి ఉంది, తీసే మనుషులు ముంబై నుంచి రావాలి అంది. ఆ ముసలామె ఒప్పుకునే ఇచ్చింది కదా అని కూడా అంది. ఉదయ్ భాస్కర్ అతిథుల వైపు చూస్తూ, పెదవుల మీద నవ్వు చెదరకుండా, ఆమెను సామాన్ల లిఫ్టులో కిందికి దించేద్దాం, ఎవరికీ తెలియకూడదన్నాడు.

"ఒప్పుకోలేదు. ఆ మాట అన్నది నేను" అంది జ్యోత్స్న.

మెడలోని ఉద్యోగం కార్డు తీసి ఉదయ్ భాస్కర్ చేతిలో పెట్టింది. చున్నీ తలమీదికి లాక్కుని దాది పక్కన నేలమీద కూర్చుంది. రెండో పక్కన బద్యా కూర్చున్నాడు. అప్పటిదాకా ఫోన్లు ఎత్తినవాళ్లు ఒక్కొక్కరే దించేశారు. గడియారాల దుకాణం మేనేజర్ బయటికి వచ్చి, పక్కన ఏం జరుగుతోందని ఉదయ్ భాస్కర్‌ను గట్టిగా నిలదీశాడు. సమాధానం జ్యోత్స్నే చెప్పింది, అద్దం వైపు నుంచి చూపు తిప్పకుండా.

"మా దాది పోయింది. బట్ట కప్పి మడిసేదాక ఈమె పక్కన మేముంటం."