గుడ్డ చుట్టిన గాజులు

తిలగం చేటను ఇంకోసారి ఎగరేసింది. పొట్టు గాలికి పోయింది, గింజలు తిరిగి చేటలో పడ్డాయి, చేట అంచు మాత్రం వచ్చి కడుపుకు తగిలింది. పొద్దుటి నుంచి ఇది ఎన్నోసారో. రెండు నెలల కిందట చేటకూ కడుపుకూ మధ్య జానెడు ఖాళీ ఉండేది. నెల కిందట నాలుగు వేళ్ల మేర ఉండేది. ఇప్పుడు రెండూ ఒకే చోటు కోసం పోట్లాడుకుంటున్నాయి. ఎడమకాలు బారజాపి, కుడికాలు మడిచి, కాస్త పక్కకు ఒరిగి కూర్చుంటే ఊపిరాడుతుంది గానీ నడుము పట్టేస్తుంది. నిటారుగా కూర్చుంటే నడుముకు హాయి, ఊపిరి అందదు. ఏది కావాలో గంటకోసారి తేల్చుకోవలసి వస్తోంది.

మామూలుగా చేట అలా తగిలితే లోపలి నుంచి జవాబు వచ్చేది. మడమతోనో మోకాలితోనో ఒక పోటు. తన చోట్లోకి వచ్చి తగులుతున్నది ఎవరని కోప్పడినట్టు ఉండేది. ఈ రోజు జవాబు లేదు. నిన్న సాయంత్రం నుంచీ లేదు.

ఆమె పనిచేసే గిడ్డంగి పుదుచ్చేరి రేవు వెనక వీధిలో ఉంది. ఎడ్లబళ్ల మీద వచ్చిన వేరుశనగను అక్కడ ఒలిచి, చెరిగి, రాళ్లూ తాలూ పుచ్చులూ ఏరి, గోతాల్లో నింపి ఓడకు పంపుతారు. ఓడ ఫ్రాన్సుకు పోతుంది. అక్కడ ఆ గింజల నూనెతో సబ్బు చేస్తారట. మనం ఏరిన గింజ ఏ దొరసాని వీపు రుద్దుతుందోనని ఆడవాళ్లు నవ్వుకుంటారు. ముప్పై మంది వరసల్లో కూర్చుంటారు. దుమ్ము వెంట్రుకల్లో, కనుబొమల్లో, చీర మడతల్లో పేరుకుంటుంది. సాయంత్రం ఇంటికి పోయేటప్పుడు అందరూ ఒకే ఈడు ముసలమ్మల్లా కనిపిస్తారు.

తిలగం ఇక్కడికి వచ్చి రెండేళ్లు. పెళ్లయిన మూడో వారమే వచ్చింది. ఆమె కథలో చెప్పుకోదగ్గది అంతకుమించి ఏమీ లేదు. మూలకుళంలో పుట్టింది, తండ్రి లేడు, తల్లి నలుగురిళ్లలో వడ్లు దంచి పెంచింది. పూస్‌పూస్ బండి తోసే దురైసామికి ఇచ్చి చేశారు. నిన్న తల్లి వచ్చి, తలలో పూలు పెట్టి, తొలి కాన్పుకు పుట్టింటికి రమ్మని పిలిచి వెళ్లింది. ఎనిమిదో నెలలో ప్రయాణం కూడదని ఆగారు. నేటితో తొమ్మిది పడింది, రోజు కూడా మంచిది. పొద్దు వాలకముందే బయల్దేరాలి. ఓడకు సరుకు అందడం లేదనీ, ఈ ఒక్కరోజు వస్తే ఆమె చోటు ఇంకెవరికీ ఇవ్వననీ పెరుమాళ్ మేస్త్రీ అన్నాడు గనక వచ్చింది.

నిన్న సాయంత్రం తల్లి అరచేయి ఆనించినప్పుడు బిడ్డ కదిలింది. అదే ఆఖరు. రాత్రి ఎడమవైపు పడుకుంది, కుడివైపు పడుకుంది. పొద్దున చల్లటి గంజి తాగింది. బెల్లంముక్క చప్పరించింది. గుండెల్లో మంట పుట్టింది, కాళ్ల వాపుకు మెట్టెలు బిగిశాయి, గంటకు రెండుసార్లు పెరట్లోకి పరుగెత్తవలసి వచ్చింది. తొమ్మిదో నెల తేవలసిన బాధలన్నీ బుద్ధిగా వచ్చాయి. రావలసిన ఆ ఒక్కటే రాలేదు. తల్లి దగ్గరికి ఏ మొహంతో వెళ్లాలో ఆమెకు తెలియడం లేదు.

"దొరగారు లేచినారా?" అని రెండు బారల అవతలి నుంచి చెంగమ్మ అడిగింది.

అది రోజూ అడిగే ప్రశ్నే. లోపలున్నవాడికి చెంగమ్మ పెట్టిన పేరు దొరగారు. ఆలస్యంగా లేస్తాడు, లేవగానే అందర్నీ తంతాడు, కాబట్టి దొరేనని ఆమె తేల్చేసింది. తిలగం రోజూ ఏదో ఒకటి చెప్పేది. కాఫీ అడుగుతున్నాడనేది, టోపీ కనబడలేదని అరుస్తున్నాడనేది. ఈ రోజు గింజల మీది నుంచి చూపు తిప్పకుండా, "పడుకోనుండాడవ్వా" అంది.

చెంగమ్మ అరవై దాటిన మనిషి. ముప్పై ఏళ్ల కిందట మొగుడు పోయాడు. తిలగానికి పని నేర్పింది ఆమే. మణికట్టు ఎలా తిప్పితే చెయ్యి నొప్పి పుట్టదో, ఏ పుచ్చుగింజ పైకి నున్నగా కనబడి మోసం చేస్తుందో భుజం భుజం రాసుకుని కూర్చుని చూపించింది. తిలగం నెల తప్పిన సంగతి మొగుడికన్నా ముందు కనిపెట్టింది కూడా ఆమే. కనిపెట్టిన మర్నాడే తన గోనెపట్టా తీసుకుని రెండు బారల దూరం జరిగిపోయింది. ఏడో నెలలో తిలగానికి గాజులు తొడిగిన రోజున ఎంత పిలిచినా రాలేదు. వీధిలో పెళ్లి బండి కదిలినా, ఎవరైనా మంచి పని మీద బయల్దేరినా ఆమె గిడ్డంగి పక్కసందులోకి పోయి గోడవారన నిలబడుతుంది. ఎవరూ పొమ్మనరు. ఎవరూ పోవద్దని కూడా అనరు. ఆ రెండో సంగతి తలుచుకుంటే తిలగానికి ఒళ్లు మండేది.

చెంగమ్మకు ఇద్దరు పుట్టారు. ఒకరు పది రోజులున్నారు. ఇంకొకరు కడుపులోనే మూడు రోజులు కదలకుండా ఉండి, అలాగే పుట్టారు. అత్తకు చెప్పడానికి సిగ్గుపడి ఆ మూడు రోజులూ నోరు మూసుకుందని పాతవాళ్లు చెప్పుకుంటారు. అందుకే తిలగం పొద్దుటి నుంచి తన నోరు మూసుకుంది. ఎవరికైనా చెప్పవచ్చు గానీ ఆమెకు ఎలా చెబుతుంది?

మధ్యాహ్నం మాతాకోవెల చర్చి గంట కొట్టగానే దురైసామి వచ్చాడు. భార్య కడుపుతో ఉన్నన్నాళ్లూ మంగలి ముందు కూర్చోనని పట్టుబట్టి గడ్డం పెంచాడు. అది ఇప్పుడు రొమ్ము మీదికి దిగింది. అతని బండెక్కే గుమాస్తాలు సామీ, ఏ మఠమని ఎగతాళి చేస్తున్నారు. అతను దాన్నీ ఒక గొప్పగానే చెప్పుకుంటాడు.

పూస్‌పూస్ బండికి మూడు చక్రాలు. వెనక నుంచి మనిషి తోస్తాడు. ముందు చక్రాన్ని తిప్పే కడ్డీ మాత్రం ఎక్కినవాళ్ల చేతిలో ఉంటుంది. తోసేవాడికి బలమే గానీ దారి మీద అధికారం లేదు. దురైసామి బండిని తళతళ కడిగి, సీటు మీద పాత దుప్పటి నాలుగు మడతలేసి పరిచాడు. రాళ్లు తక్కువున్న వీధులేవో మూడు రోజులుగా ఖాళీ బండి తోసుకుంటూ చూసి పెట్టుకున్నాడు. రెండేళ్లలో తిలగం ఆ బండి ఒక్కసారీ ఎక్కలేదు.

"కడ్డీ గట్టిగా పట్టుకోవాల. నువ్వు యాడికి తిప్పితే ఆడికే పోతాది. నేను సుమ్మా ఊరికే తోస్తా, అంతే" అన్నాడు. తర్వాత గొంతు తగ్గించి, "ఏమంటా వుండాడు మనోడు?" అని అడిగాడు.

"నిద్రపోతా వుండాడు."

"పోనీలే. మూలకుళం దాకా నిద్రపోనీ. కుదుపు తెలీదు" అని నవ్వి, నాలుగింటికి వస్తానని వెళ్లిపోయాడు. గడ్డంలోంచి కనబడిన ఆ తెల్లటి పళ్లను చూసి తిలగానికి ఏడుపు ముంచుకొచ్చింది. దుమ్ము పడ్డట్టు కళ్లు తుడుచుకుంది.

తుడుచుకుంటున్నప్పుడు ఎడమచేతి గుడ్డ చెంపకు గరుగ్గా తగిలింది. నిన్న మధ్యాహ్నం గోతాం జరుపుతుంటే రెండు గాజులు పగిలాయి. పెరుమాళ్ మేస్త్రీ ఉరుక్కుంటూ వచ్చాడు. గింజల్లో గాజుపెంకు దొరికితే తెల్లదొర సరుకంతా వెనక్కి తిప్పుతాడు, గాజులన్నా తీయి, గుడ్డన్నా చుట్టుకో అన్నాడు. కాన్పు కాకుండా ఆ గాజులు తీయడం జరిగే పని కాదు. పక్క వరసలోని మంగళం రెండు గుడ్డపేలికలు చింపి, రెండు చేతులకూ మణికట్టు నుంచి మోచేతి దాకా బిగించి కట్టింది. విప్పితే పొద్దున మళ్లీ ఎవరు కట్టాలని తిలగం రాత్రి కూడా అలాగే పడుకుంది. గాజులు పగిలినప్పుడు ఏమీ అనుకోలేదు. ఇప్పుడు ఆ రెండు గాజులే గుండెలో గుచ్చుకుంటున్నాయి. అవి పగిలిన రోజే కదా బిడ్డ ఆగింది.

ఎండ వాలింది. తిలగం చేట ఎగరేసింది, ఆపింది. కడుపు కింద చేయి పెట్టి కాసేపు అలాగే ఉంది. మళ్లీ చేట అందుకుంది, మళ్లీ ఆపింది. మూడోసారి ఆపేటప్పటికి చెంగమ్మ తన చేటను బోర్లించింది.

"ఏంది తిలగం? మధ్యాన్నం ముద్ద కూడా మింగలేదు నువ్వు. చూస్తానే వుండా."

"నడుమవ్వా."

"నడుమైతే ఎనక్కి పోవాల చెయ్యి. నీ చెయ్యి ముందరుండాది."

తిలగం చేయి వెనక్కి తీయబోయి ఆగింది. ఆ తర్వాత గొంతులోని మాట దానంతటదే బయటికి వచ్చేసింది. "కదల్లేదవ్వా. నిన్న సాయంకాలం నుంచీ కదల్లేదు."

చెంగమ్మ మొహంలో రంగు లేకుండా పోయింది. అంత వయసు మనిషి అంత తొందరగా లేవడం ఆ గిడ్డంగిలో ఎవరూ చూసి ఉండరు. "పొద్దున్నే ఎందుకు చెప్పలేదే! నోట్లో నాలిక లేదా?" అని కసిరి, రెండు గోతాలు లాగి, తిలగాన్ని ఎడమవైపుకు ఒరిగించాలని చేతులు చాచింది. చాచిన చేతులు గాలిలోనే ఆగాయి. "మంగళాన్ని పిలస్తా వుండు. ఆమె చెయ్యి మంచిది."

"ఎవురూ వద్దు. నువ్వే పట్టవ్వా."

"నాది వద్దు బిడ్డా. నాది ఎట్టాంటి చెయ్యో నీకు తెలీదు."

"ఆ చెయ్యే నాకు పని నేర్పింది. పట్టు" అంది తిలగం. అంటూనే ఏడ్చేసింది.

చెంగమ్మ కూర్చుంది. తిలగం తలను తన తొడ మీదికి తీసుకుంది. అప్పుడు ఆమె చూపు గుడ్డల మీద పడింది. "ఇవి నిన్న కట్టినవే గదా? రాత్రి కూడా విప్పలేదా?" ముడి బిగిసిపోయింది, పళ్లతో కొరికి లాగింది. "రెండు నెల్లుగా పొద్దస్తమానం గలగలమంటా వుంటివి. వున్నట్టుండి యీ సద్దు లేకపోతే దొరగారు ఏమనుకుంటారు? అమ్మ యాడికో పోయిందనుకోరా?"

ఈ తర్కాన్ని ఏ డాక్టరూ ఒప్పుకోడు. చెంగమ్మకు ఏ డాక్టరూ తెలియదు. రెండు చేతుల గుడ్డలూ ఊడదీసి, తిలగం మణికట్లు రెండూ పట్టుకుని, కడుపుకు దగ్గరగా తెచ్చి ఆడించింది. ఎర్రగాజులూ పచ్చగాజులూ గలగల్లాడాయి. ముప్పై ఏళ్లలో ఆ చేతులు గాజుల సవ్వడి చేయడం అదే మొదటిసారి. వరసల్లో చేటలు ఒక్కొక్కటే ఆగాయి.

ఏమీ జరగలేదు. చెంగమ్మ పెదవులు ఏదో గొణుగుతున్నాయి. మళ్లీ ఆడించింది. ఆపి, ఊపిరి బిగబట్టి, కుడి అరచేతిని కడుపు మీద ఆనించింది. మళ్లీ ఆడించింది.

ముందు ఒక చిన్న మెదలిక. నిద్రలో ఒత్తిగిలుతున్నట్టు కడుపు ఒకవైపు మెల్లగా ఎత్తయింది. ఆ వెంటనే ఒక మడమ, సందేహం లేకుండా మడమే, చెంగమ్మ అరచేతి నడిమధ్యన గట్టిగా తన్నింది.

"అబ్బా! లేచినాడు!" అని చెంగమ్మ కేక పెట్టింది. పళ్లు ఊడిన నోరు తెరిచి నవ్వింది, నవ్వుతూనే ఏడ్చింది, చేతిని మాత్రం తీయలేదు. రెండోసారి తన్నాడు, మూడోసారి తన్నాడు. తిలగానికి పక్కటెముక కింద కలుక్కుమంది. ఈ లోకంలో ఇంత కమ్మటి నొప్పి ఉంటుందని ఆమెకు ఇన్నాళ్లూ తెలియదు. నవ్వాలో ఏడవాలో తేలక వెక్కిళ్లు పట్టుకున్నాయి.

పెరుమాళ్ మేస్త్రీ వచ్చి విప్పేసిన గుడ్డల్నీ వాళ్లిద్దర్నీ చూశాడు. "ఏంది యిది? పెంకులు పడితే ఎవురు మాట పడేది?"

"ఈ గాజులు ఇంక నీ గింజల జోలికి రావులే. ఆమె పని అయిపోయింది" అంది చెంగమ్మ. అతను ఆడవాళ్లందరి మొహాలూ ఒకసారి చూసి, చోటు అట్టే ఉంటుందమ్మా, పదిలంగా పోయిరా అని వెనక్కి తిరిగాడు.

నాలుగింటికి బండి వచ్చింది. మంగళం చెంబుతో నీళ్లిచ్చింది, ఇంకొకామె నుదుట కుంకుమ పెట్టింది. తిలగం మెల్లగా బండెక్కి, మడతల దుప్పటి మీద కూర్చుని, కడ్డీ పట్టుకుని చుట్టూ చూసింది. చెంగమ్మ లేదు. ఎక్కడుందో అడగాల్సిన పని కూడా లేదు.

"తొయ్యనా?" అన్నాడు దురైసామి.

"తొయ్యి."

బండి కదిలింది. వీధిలోకి రాగానే పడమటికి తిరగాలి. తిలగం కడ్డీని పక్కసందు వైపు తిప్పింది.

"ఓయ్, దారి అటు కాదే!"

"నాకు తెలుసు. నువ్వు తొయ్యి."

సందులో గోడవారన చెంగమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నిలబడి ఉంది. ఎదురుగా వస్తున్న బండిని చూసి హడలిపోయింది. తప్పుకోవడానికి ఆ సందులో చోటు లేదు. "అయ్యో, ఇట్టెందుకొస్తిరి? మంచి పనికి పోతా నా ఎదురా? ఎనక్కి పోండి!"

"నువ్వు ఎదురొస్తేనే పోతా" అంది తిలగం.

వెనక దురైసామి ఆగిపోయాడు. కాన్పు దాకా కత్తెర తాకనివ్వని మనిషి అతను. గడ్డం నిమురుకుంటూ భార్య వీపును చూశాడు, ముసలామెను చూశాడు. లోపలి కథ ఏమీ తెలియకపోయినా, "అవ్వా, పోయొస్తాం" అన్నాడు.

చెంగమ్మ కొంగు దించింది. గోడను వదిలి రెండడుగులు ముందుకు వేసింది. ఇంకో రెండు వేసి బండి దగ్గరికి వచ్చి, తిలగం చెంపను అరచేత్తో ఒకసారి తడిమింది. "పోయిరా బిడ్డా. దొరగార్ని ఎత్తుకోని రా." తిలగం చేయి ఊపింది. ఆ గలగల సందు దాటి, వీధి మలుపు దాటి, చాలాసేపు వినబడింది.

చెంగమ్మ లోపలికి వచ్చి తన గోనెపట్టాను రెండు బారలూ జరిపి, పాత చోట్లో వేసుకుని కూర్చుంది. పక్కన తిలగం చేట బోర్లించి ఉంది. దాని మీద ఆ రెండు గుడ్డపేలికలు ఉన్నాయి. ఒక పగలూ రాత్రీ గాజుల చుట్టూ బిగిసి ఉండటం వల్లనేమో, ఖాళీ అయినా అవి ఇంకా గుండ్రంగానే ఉన్నాయి.