పంచుకున్న మందు

లూసీ స్టవ్ దగ్గర నిలబడి బార్లీ నీళ్లు వడగడుతోంది. ఆమెకు అయిదో నెల. మూత్రంలో మంట మొదలైనప్పటి నుంచి అత్తగారు విమలకుమారి రోజూ చేయిస్తున్న పని ఇది. కోడలి పురుటికని తెనాలి నుంచి ముందుగానే జెర్సీ సిటీకి వచ్చిందావిడ. అది ఎనభై మూడో సంవత్సరం జనవరి.

"వేడి చేసిందంతే. పగలూ రాత్రీ ఈ హీటర్ పక్కనే ఉంటే చెయ్యదూ?" అంది విమలకుమారి.

డాక్టరమ్మ మాత్రం వేడి అనలేదు. ఇన్ఫెక్షన్ అంది. సెఫలెక్సిన్ అనే కాప్సూల్స్ రాసిచ్చింది. కడుపుతో ఉన్నవాళ్లకు కూడా ఇవ్వదగిన యాంటీబయాటిక్ అనీ, మంట తగ్గినా సీసా ఖాళీ అయ్యేదాకా మానొద్దనీ, ఇన్ఫెక్షన్ కిడ్నీలదాకా పాకితే బిడ్డకు కూడా ప్రమాదమనీ చెప్పింది. ఆ మాటలన్నీ లూసీ భర్త దేవకుమార్ ఇంటికొచ్చి తల్లికి తెలుగులో చెప్పాడు.

కాప్సూల్స్ మొదలుపెట్టిన కొద్ది రోజులకే లూసీకి మంట పోయింది. ఒక మధ్యాహ్నం విమలకుమారి బాత్‌రూమ్‌లోకి వెళ్లి, కుళాయి తిప్పి, చాలాసేపు రాలేదు. వచ్చినప్పుడు గోడ పట్టుకుని వచ్చింది.

"అత్తయ్యా, మీకూ మంటేనా?"

"నెమ్మదిగా అను."

"ఇంట్లో మనిద్దరమేగా."

"అయినా సరే. ఈ ఊరొచ్చిన కాణ్ణించీ ఉంది."

"ఆయనతో చెప్తాను. అపాయింట్‌మెంట్ బుక్ చేస్తారు."

"కొడుకుతో చెప్పే జబ్బా ఇది? చెప్పావంటే రేపే విమానం ఎక్కేస్తా. టికెట్ కూడా వాడిచేతే కొనిపిస్తా."

లూసీ నవ్వింది. విమలకుమారి నవ్వలేదు. ఆమె చూపు కిటికీ దగ్గరున్న మందు సీసా మీద ఉంది.

వాళ్ల ఇళ్లల్లో ఏదీ ఒక్కరే తినరు. కమలాపండు ఒలిస్తే తొనలు అందరి చేతుల్లోకీ వెళ్తాయి. తెనాలిలో జ్వరం బిళ్లలు కూడా అలాగే గోడ దాటి పక్కింటికి పోయేవి. పైగా తనకు తగ్గిపోయింది, ఎదురుగా పెద్దావిడ బాధపడుతోంది. లూసీ సీసా మూత తీసి ఒక కాప్సూల్ అత్తగారి చేతిలో పెట్టింది.

విమలకుమారి దాన్ని అరచేతిలో ఉంచుకుని కళ్లు మూసుకుంది. ప్రార్థన ఎంతకీ తెమల్లేదు.

"త్వరగా కానివ్వండి, మందు కరిగి చేతికి అంటుకుంటోంది."

"ప్రభువు తొందరపడడు. నువ్వూ పడకు."

ఆనాటి నుంచి ఒక పూట కోడలు వేసుకుంటే ఇంకో పూట అత్తగారు వేసుకున్నారు. మందు సరిగా వేసుకుంటున్నావా అని దేవకుమార్ అడిగితే, "సీసా చూడండి, అయిపోవస్తోంది" అనేది లూసీ. విమలకుమారి వంట చేస్తూ మళ్లీ కీర్తనలు పాడసాగింది. ఆ గొంతు వింటుంటే లూసీకి తాను మంచిపనే చేశాననిపించేది.

సీసా ఖాళీ అయిన తరువాతి ఆదివారం ఉదయం, తెలుగు ఆరాధనకు బయలుదేరే వేళకు లూసీ మంచం మీంచి లేవలేకపోయింది. ఒళ్లంతా వణుకు. నడుముకు పైన, ఒక పక్కన పొడుస్తున్నట్టు నొప్పి. దేవకుమార్ డాక్టరమ్మకు ఫోన్ చేశాడు. కాసేపు విని, రిసీవర్‌ను చేత్తో మూసి భార్య వైపు తిరిగాడు.

"కాప్సూల్స్ అన్నీ వేసుకున్నావా అని అడుగుతోంది."

లూసీ అత్తగారి వైపు చూసింది. "అన్నీ అయిపోయాయండి."

"అయిపోవడం కాదు లూసీ. నువ్వే వేసుకున్నావా?"

నిజం చెబితే ఆవిడ తలెత్తుకోలేదు. దాస్తే, మందు పనిచెయ్యలేదనుకుని డాక్టరమ్మ ఇంకేం చేస్తుందో. లూసీ కడుపు మీద చెయ్యి వేసుకుంది.

"సగం నేను మింగాను," అంది విమలకుమారి. చేతిలో బైబిలు, ఒంటి మీద ఇస్త్రీ చీర. "నాకూ అదే మంట. నిన్నటి నుంచి మళ్లీ మొదలైంది. దాన్నేమీ అనకు."

దేవకుమార్ రిసీవర్ మీంచి చెయ్యి తీశాడు. ఉన్నదున్నట్టు ఇంగ్లీషులో ఫోన్‌లో చెప్పి పెట్టేశాడు.

"వెంటనే హాస్పిటల్‌కి తీసుకురమ్మంది," అన్నాడు. తరువాత నేల చూస్తూ, "నిన్ను కూడా అమ్మా. చూసేది డాక్టరమ్మే."

అతను లూసీ భుజాల చుట్టూ దుప్పటి కప్పి లేవదీస్తున్నాడు. విమలకుమారి బైబిలు బల్ల మీద పెట్టింది. చీర మీద స్వెట్టర్ తొడుక్కుంది. మేజోళ్ల కాళ్లను బూట్లలోకి దూర్చి, కొడుకు వైపు చూడకుండా, వాళ్లకంటే ముందుగా తలుపు తీసుకుని బయటికి నడిచింది.